దశమి ఇంకా ఉంది

ఆసుపత్రి రికార్డు గది,
వైశాఖ శుద్ధ షష్ఠి.

తమ్ముడూ,

తిథి వేసి రాస్తున్నానని నవ్వకు. పంచాంగం లెక్కలు కట్టేవాడికి ఇంగ్లీషు తేదీ వేసి ఉత్తరం రాస్తే అమ్మ ఊరుకునేదా? ముందు ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో నేను పది మాటలు మాట్లాడితే నువ్వు పదిసార్లు "ఆఁ ఆఁ" అంటావు. అందులో ఎన్ని విన్నావో ఆ దేవుడికే తెలియాలి. కాగితమైతే తప్పించుకోలేవు.

అమ్మ మొదటి తద్దినానికి వచ్చి, అడగాలనుకున్నది అడగకుండానే బస్సెక్కాను. వచ్చినవాళ్లు భోజనాలు చేస్తున్నారు, నువ్వు తడిబట్టలతో అటూ ఇటూ తిరుగుతున్నావు, నోరు రాలేదు. ఇప్పుడడుగుతున్నాను. అమ్మకి అమావాస్య నాడు ఎందుకు పెట్టావు?

ఇంట్లోంచి వెళ్లిపోయింది అష్టమి నాడు. పాతరేవు మెట్ల దగ్గర కనిపించిందని నీకు కబురొచ్చింది ఏకాదశి నాడు. నేను పరిగెత్తుకొచ్చేసరికి తెల్లగుడ్డ కప్పి ఉంది. "ఎప్పుడు పోయిందిరా?" అంటే "సరిగ్గా చెప్పలేమన్నారక్కా" అన్నావు. ఆ ఏడుపులో నేనూ రెట్టించలేదు. కానీ ఏడాది గడిచింది. ఇంకా సరిగ్గా చెప్పలేకపోవడం ఏమిటి?

నా పని నీకు తెలుసుగా. పుట్టినవాళ్ల రిజిస్టరు ఒక బల్ల మీద, పోయినవాళ్లది ఇంకో బల్ల మీద. పోయిన ప్రతి మనిషికీ రోజు, గంట, నిమిషం వేస్తాను. డాక్టరు గారు నిమిషం రాయడం మర్చిపోతే ఆ కాగితం పట్టుకుని మూడో అంతస్తు ఎక్కి రాయించుకొస్తాను. "పోయినాయన వచ్చి అడుగుతాడా మేడం?" అని నర్సులు ఎగతాళి చేస్తారు. ముక్కూమొహం తెలియనివాళ్లకు నిమిషంతో సహా వేస్తున్నదాన్ని, నన్ను కన్నదానికి రోజు కూడా వేయలేకపోయాను.

నాకు ఆ రోజు కావాలి. మీ బావ "పోయిన మనిషి పోయింది, రోజుతో ఏం పని?" అంటున్నారు. ఆయనకి చెప్పినా అర్థం కాదు. నీకు చెప్పక్కర్లేదు.

మీ అక్క


ప్రెస్సు మేడగది,
వైశాఖ బహుళ విదియ.

అక్కా,

నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నాను, తిట్టకు. వచ్చే ఏడాది పంచాంగం గణితం నెత్తి మీద ఉంది. ప్రెస్సు ఓనరు గారు రోజూ వచ్చి మెట్ల కింద నిలబడి కేకలేస్తున్నారు. నాకు వినపడదని ఆయన ధైర్యం, వినపడలేదని నా ధైర్యం.

నువ్వడిగినదానికి శాస్త్రంలో తడుముకోవలసిన పని లేదు. చంద్రుడు సూర్యుణ్ణి వదిలి పన్నెండు డిగ్రీలు ముందుకి నడిస్తే ఒక తిథి. ఇంకో పన్నెండు నడిస్తే ఇంకో తిథి. అలా చుట్టూ తిరిగొచ్చి మళ్లీ సూర్యుడి పక్కకి చేరిన రోజు అమావాస్య. ఇద్దరి మధ్యా ఎడం లేని రోజు. అందుకే పోయిన తిథి తెలియనివాళ్లకు అమావాస్య చెప్పారు. నేను సొంతంగా కనిపెట్టింది ఏమీ లేదు.

భాద్రపదంలో సూర్యుడు కన్యలో ఉండగా మహాలయ పక్షం వస్తుంది. పదిహేను రోజులూ పెద్దలవే, ఎవరి తిథి నాడు వాళ్లకి పెడతాం. ఆఖరి రోజు మహాలయ అమావాస్య. తిథి తెలియనివాళ్లు, దారి తప్పినవాళ్లు, పెట్టే దిక్కులేనివాళ్లు అందరూ ఆ రోజు వస్తారట. ఎవరినీ గుమ్మం నుంచి వెనక్కి పంపకూడని రోజు. అమ్మకి ఆ రోజు శ్రద్ధగా పెడతాను. మనసు కష్టపెట్టుకోకు.

ఆ రోజు సంగతి నీకు చెప్పిందే మళ్లీ చెబుతున్నాను. ప్రూఫులు ఇవ్వడానికి కిందకి దిగాను. పది నిమిషాల్లో పైకొచ్చేసరికి అమ్మ లేదు. అంతకు మించి నాకు తెలిసింది లేదు.

బావగారికి నమస్కారాలు.

తమ్ముడు


ఆసుపత్రి రికార్డు గది,
జ్యేష్ఠ శుద్ధ చవితి.

ఒరేయ్,

చదివాను. డిగ్రీలతో సహా చదివాను. చిన్నప్పుడు పలక పగలగొట్టినప్పుడు కూడా నువ్వింతే, ముందు రాయి గురించి చెప్పేవాడివి, తర్వాత నేల గురించి, పలక మాట ఎత్తేవాడివి కాదు.

అమ్మ వెళ్లిపోయింది ఆదివారం. ఆదివారం కింద ప్రెస్సుకి తాళం. ప్రూఫులు ఎవరికిచ్చావు? తాళం కప్పకా?

ఇది రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నిన్ను పట్టుకోవాలని కాదు. ఏడాదంతా నా తమ్ముడు నాకు అబద్ధం చెప్పడని అనుకుని బతికాను, ఇవాళ కూర్చుని వారాలు లెక్కపెడుతున్నాను. నాకే అసహ్యంగా ఉంది. అబద్ధం చెప్పేంత ఏం జరిగింది ఆ గదిలో?

మీ ఊరి ఆసుపత్రి రికార్డు గదిలో పనిచేసే ఒకావిడ నాకు పరిచయం. అమ్మ కాగితాల నకలు కావాలని అర్జీ పెట్టాను. రావడానికి నెలో రెండు నెలలో పడుతుంది. ఈలోగా నువ్వే చెబితే బాగుంటుంది.

అక్క


ప్రెస్సు మేడగది,
జ్యేష్ఠ బహుళ పంచమి.

అక్కా,

అర్జీలు పెట్టి ఆరా తీయాల్సినంత పరాయివాణ్ణయిపోయానా? నాలుగేళ్లు ఆవిణ్ణి చూసుకున్నది నేను. జడ వేసింది నేను, మందులు మింగించింది నేను, పెట్టిన అన్నం పెట్టలేదని పక్కింటివాళ్లకి చెబితే తల దించుకున్నది నేను. నువ్వు పండక్కో పబ్బానికో వచ్చి, రెండు రోజులుండి, కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లేదానివి.

పైన రాసింది కొట్టేద్దామనుకున్నాను. ఉండనిస్తున్నాను. అదీ నేనే.

ప్రూఫులు లేవు. నేను కిందకి దిగలేదు. ఇదే గదిలో, ఇదే బల్ల దగ్గర కూర్చున్నాను. ఆవిడ నా వెనకాల మంచం మీద ఉంది. నీకు తెలుసుగా, చివరి ఏడాది ఆవిడకి ఒకటే ప్రశ్న. "ఒరేయ్, ఇవాళ తిథేంటిరా?" చెప్పేవాణ్ణి. నిమిషం ఆగి మళ్లీ, "ఇవాళ తిథేంటిరా?" పొద్దుటి నుంచి పడుకునేదాకా అదే. నేను చేసేదే తిథుల లెక్క. ఒక తిథి ముగిసే వేళ కడుతుంటే ఆవిడ అడిగేది, మొదటికొచ్చేది. ఆ రోజు నా వల్ల కాలేదు. చెవిలోంచి మిషను తీసి సొరుగులో పెట్టేశాను.

ఆ మిషను పెట్టుకోకపోతే నా పక్కన గోడ కూలినా నాకు తెలియదు. ఎంత హాయిగా ఉందో అక్కా. గంటన్నర పని చేసుకున్నాను. తలెత్తి చూసేసరికి మంచం ఖాళీ. పిలిచిందేమో. తలుపు దగ్గర నిలబడి "వెళ్తున్నానురా" అందేమో. ఏమందో నాకు ఈ జన్మకి తెలియదు.

ఇదీ జరిగింది. ఇప్పుడు తెలిసిందిగా. అర్జీ వెనక్కి తీసుకో. అమావాస్యకే పెట్టనీ. మన నెల పితృదేవతలకు ఒక రోజు. వాళ్లుండేది చంద్రుడికి అవతలి వైపు అంటారు. అమావాస్య నాడు సూర్యుడు సరిగ్గా వాళ్ల నెత్తి మీద ఉంటాడు. మనకు వెన్నెల లేని రోజు వాళ్లకు మిట్టమధ్యాహ్నం, ఆకలేసే వేళ. ఆ వేళకి పెడితే చాలదా? కాళ్లు పట్టుకుంటాను, అంతకంటే తవ్వకు.

తమ్ముడు


ఇంటి నుంచి,
శ్రావణ శుద్ధ అష్టమి.

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఆఫీసుకి వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. అది అబద్ధమూ కాదు.

నువ్వు తిట్టిన తిట్లన్నీ నాకు చెందుతాయి. అంతేకాదు, నువ్వు తిట్టనిది ఒకటుంది. కిందటేడు హోలీ వెళ్లగానే అమ్మని మూడు నెలలు నా దగ్గర ఉంచుకుంటానన్నాను గుర్తుందా? తర్వాత సెలవు దొరకలేదని, ఎండలు తగ్గాక తీసుకెళ్తానని రాశాను. సెలవు దొరికిందిరా. సంతకం పెట్టిన కాగితం ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ఆ సెలవులో నేను ఇంట్లో పడుకున్నాను. చేసిందేమీ లేదు. ఎక్కడికీ వెళ్లలేదు. ఆ ప్రశ్న రోజంతా వినడం తలుచుకుంటేనే గుండెల్లో రాయి పడేది. నువ్వు మిషను తీసి సొరుగులో పెట్టావు, నేను కాగితం పెట్టాను. మీ బావకి కూడా ఈ సంగతి తెలియదు.

కాగితాల నకలు వచ్చింది. రెండు పేజీలు. మొదటిది డాక్టరుది. పోయిన సమయం దశమి రోజు సాయంత్రం నాలుగు, అయిదు మధ్య అని రాసి ఉంది. సరిగ్గా చెప్పలేమని ఎవరూ అనలేదు. దశమి నాన్న తిథి. అంటే నీకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ మన అమ్మని దిక్కులేనివాళ్లలో కలిపేశావు. ఎందుకు?

రెండో పేజీ రేవులో ఉన్న పంపుహౌసు కాపలా ఆయన పోలీసులకి చెప్పింది. దాన్ని మడిచి పక్కన పెట్టాను. నీ చేత్తో రాస్తావని చూస్తున్నాను. ఈసారి రాయి సంగతీ నేల సంగతీ వద్దు. పలక సంగతి రాయి.

అక్క


ప్రెస్సు మేడగది,
శ్రావణ బహుళ త్రయోదశి.

అక్కా,

రాస్తున్నాను.

ఆవిడ తిథి ఎందుకడిగేదో నీకు తెలుసు. నాన్న తద్దినం దాటిపోతుందేమోనని భయం. అన్నీ మర్చిపోయింది, నిన్ను కూడా ఒకసారి "ఈవిడెవరు?" అంది. దశమి మాత్రం మర్చిపోలేదు. "దశమి వచ్చిందా? దాటిపోయిందా?" ఇదే.

ఆ ఆదివారం మిషను తీసేముందు నేనొక మాట అన్నాను. నూటొకటోసారి అడిగిందనుకో. విసుగొచ్చి, "దశమి నిన్ననే అయిపోయిందమ్మా, పడుకో" అన్నాను. ఆ రోజు అష్టమి. రెండు నిమిషాల్లో మర్చిపోతుందిలే, ఒక్క రెండు నిమిషాలు నోరు మూసుకుంటుందిలే అనుకున్నాను. ఇరవై ఆరేళ్లుగా ఒక్క తిథి తప్పు అచ్చు వేయనివాణ్ణి, అమ్మకి తప్పు చెప్పాను. అది మాత్రం ఆవిడ మర్చిపోలేదు.

నాన్నకి మనం చిన్నప్పుడు పాతరేవులోనే పెట్టేవాళ్లం కదా. తర్వాత నేను తీరిక లేదని ఇంట్లోనే కానిచ్చేస్తున్నాను. ఆవిడకి గుర్తున్నది రేవే. అక్కడికి నడిచి వెళ్లింది, తిథి దాటించినందుకు నాన్నకి చెప్పుకోవడానికి. ఆ ఎండలో, చెప్పులు లేకుండా.

కాపలా ఆయన నీడకి పిలిచి మంచినీళ్లిచ్చాడు. ఎందుకేడుస్తున్నావమ్మా అంటే, "దశమి అయిపోయిందట, మా అబ్బాయి చెప్పాడు" అంది. ఆయన గోడ మీద క్యాలెండరు చూపించి, "ఇవాళ అష్టమే, దశమి ఎల్లుండి" అన్నాడు. ఆ క్యాలెండరు మన ప్రెస్సుదే అక్కా. దాని మీద వేలు పెట్టి, "ఇది మా వాడు కట్టిన లెక్కే. నోటితో ఏదో అన్నాడుగానీ రాతలో తప్పు రాయడు" అని నవ్విందట.

ఇంటికి వెళ్లమంటే వెళ్లలేదు. "వెళ్తే మళ్లీ తిథి మర్చిపోతాను. ఇక్కడే ఉంటాను, దశమికి మా అబ్బాయి వస్తాడు" అంది. ఇల్లెక్కడో అడిగితే, "వాడికి తెలుసు" అంది. ఆయన మంచివాడు. పోలీసులకి చెబితే ముసలావిణ్ణి ఎక్కడెక్కడో తిప్పుతారని జాలిపడి, ఎల్లుండి కొడుకొస్తాడు కదా అని ఊరుకున్నాడు. పంపుహౌసు వసారాలో పడుకోనిచ్చాడు. తన డబ్బాలో అన్నం పెట్టాడు. నవమి అంతా ఆయన్ని కూడా అదే ప్రశ్న అడిగిందట. ఆయన విసుక్కోలేదు. అడిగిన ప్రతిసారీ చెప్పాడట.

ఆ రెండు రోజులూ నేను కాలుగాలిన పిల్లిలా బస్టాండు, స్టేషను, ఆసుపత్రి, ఆవిడ పాత స్నేహితురాళ్ల ఇళ్లు, అన్నీ తిరిగాను. పోలీసు కాగితం ఇచ్చాను. రేవు తట్టలేదు. ఆవిడకి రేవు గుర్తుంటుందని అనుకోలేదు, ఏదీ గుర్తుండదనుకున్నాను.

దశమి నాడు కూడా తిరుగుతూనే ఉన్నాను. అసలు సంగతి ఇది, చదువు. ఆ రోజు దశమి అని నాకు గుర్తు లేదు. ఊరందరికీ తిథులు చెప్పేవాణ్ణి, ఆ రోజు ఏ తిథో నాకే తెలియదు. నాన్నకి పెట్టలేదు. గుర్తొచ్చి ఉంటే, పెట్టాలని నీళ్ల కోసమైనా రేవుకి వెళ్లి ఉంటే, ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉండేది.

మధ్యాహ్నం కాపలా ఆయన "మీవాడు ఇంకా రాలేదేమమ్మా?" అని అడిగాడట. "దశమి ఇంకా ఉంది. వస్తాడు. వాడు తిథి తప్పడు" అందట. సాయంత్రం మోటారు వేయడానికి వచ్చి చూస్తే గోడకి ఆనుకుని, దారివైపు మొహం పెట్టి ఉంది.

ఇది నాకు ఆయనే చెప్పాడు, ఏకాదశి నాడు, నా చెయ్యి పట్టుకుని. ఆ రోజు మిషను చెవిలోనే ఉంది. ప్రతి మాటా వినపడింది.

దశమి అని నీకు చెబితే ఇదంతా చెప్పాలి. ఏ మొహంతో చెప్పను? దశమి నాడు చెయ్యి చాచి నీళ్లు వదలడానికి నాకు అర్హత ఏది? అందుకే అమావాస్య అన్నాను. ఆ రోజు అందరూ వస్తారు కదా, ఆ గుంపులో నన్ను పట్టి చూడదులే అనుకున్నాను.

తమ్ముడు


ఆసుపత్రి రికార్డు గది,
భాద్రపద శుద్ధ షష్ఠి.

తమ్ముడూ,

రెండో పేజీ నకలు వచ్చిన రోజే చదివాను. మడిచి పెట్టానన్నది అబద్ధం. చదివాకే సెలవు సంగతి రాయగలిగాను. నువ్వు రాయకపోతే ఈ జన్మకి నీ గుమ్మం తొక్కకూడదనుకున్నాను. రాశావు.

క్షమించానని రాయను. ఆ మాట ఇంకా నాలోంచి రావడం లేదు. రాకపోయినా వచ్చినట్టు రాస్తే అది ఇంకో అబద్ధం. నన్ను నేను కూడా క్షమించుకోలేదు, అందులో ఇద్దరం ఒకటే. కాపలా ఆయన ప్రతిసారీ చెప్పాడని రాశావే, అక్కడ నేను పెద్దగా ఏడ్చాను. కడుపున పుట్టిన ఇద్దరికీ లేని ఓపిక ఆయనకి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?

అర్హత మాట ఎత్తకు. ఆవిడ రెండు రోజులు కూర్చుంది అర్హుడి కోసం కాదు, నీ కోసం.

మహాలయ పక్షంలో దశమి ఎప్పుడో నీకు నేను చెప్పాలా? ఆ ఉదయం మొదటి బస్సులో దిగుతాను. ఇంటికి రాను. నేరుగా పాతరేవుకి వెళ్లి, ఆవిడ కూర్చున్న చోట కూర్చుంటాను, దారివైపు మొహం పెట్టి. నాన్నకీ అమ్మకీ కలిపి అక్కడే పెడదాం. కాపలా ఆయన్ని భోజనానికి పిలువు.

ఈసారి రా. మిషను పెట్టుకుని రా.

అక్క


ప్రెస్సు మేడగది,
మహాలయ అమావాస్య.

అక్కా,

క్షేమంగా చేరావని బావగారు కబురు చేశారు.

ఆ రోజు మలుపు తిరగ్గానే మెట్ల మీద నువ్వు కనిపించావు. నీ కూర్చోవడం అచ్చం ఆవిడదే. నా కాళ్లు ఆగిపోయాయి. నువ్వు "రా" అన్నావు. అంత దూరం నుంచి వినపడింది. ఆ మాట నీకు అక్కడ చెప్పలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను.

ఇవాళ కూడా నీళ్లు వదిలాను. అమ్మకి కాదు, అమ్మకి తిథి ఉంది. ఇవాళ నిజంగా ఎవరూ లేనివాళ్లకి, రోజు తెలియనివాళ్లకి, ఏ వసారాలోనో ఎవరికోసమో చూస్తూ పోయినవాళ్లకి. నాకు పేర్లు తెలియవు. తెలియకపోయినా ఫరవాలేదనే ఈ రోజు పెట్టారు. కాపలా ఆయన వాళ్లమ్మ తిథి కూడా ఆయనకి తెలియదట, ఆవిడకీ వదిలాను. ఆయన పక్కన నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

వచ్చే ఏడాది లెక్క పూర్తయింది. ఓనరు గారు శాంతించారు. మిషను లేచినప్పటి నుంచి పడుకునేదాకా చెవిలోనే ఉంటోంది. కింద ప్రెస్సు మోత, వీధిలో బళ్లు, పక్కింటి కుక్కర్, అన్నీ వినపడుతున్నాయి. తిథి అడిగేవాళ్లే లేరు.

అయినా పొద్దున లేవగానే ఆ మంచం వైపు తిరిగి ఒకసారి పైకే చెబుతున్నాను. ఇవాళ కూడా చెప్పాను, "ఇవాళ అమావాస్యమ్మా" అని. నిమిషం ఆగి మళ్లీ చెప్పాను.

తమ్ముడు